గంట మారితే బేరింగు మారాలి

విప్పింది ఏదైనా సరే, కొత్త బేరింగు వెయ్యకుండా నూకరాజు మళ్ళీ మూయడు. ఆయన గురించి చెప్పవలసింది ఇదొక్కటే. మిగతావన్నీ దీనికి ఉదాహరణలు.

పట్టుదల ఉన్నవాళ్ళకు సభ పెట్టి శాలువా కప్పడం మనవాళ్ళకు అలవాటు. నూకరాజుకు మాత్రం శాలువా కప్పే ధైర్యం బిలాస్‌పూర్ తెలుగువాళ్ళలో ఎవరికీ లేకపోయింది. సభకు పిలిస్తే ఏమవుతుందో ఒకసారి చూశారు. ఆ ఉగాదికి ముఖ్య అతిథి నాగపూర్ నుంచి వచ్చి భాషాసేవ గురించి మాట్లాడుతున్నాడు. వచ్చినంత దూరమూ మాట్లాడేలా ఉన్నాడు. మూడో వరసలో నూకరాజు తల పైకెత్తి వేదిక మీది ఫ్యాను వంకే చూస్తున్నాడు. కాసేపటికి లేచి, ఎక్కణ్ణుంచో నిచ్చెన మోసుకొచ్చి అతిథి పక్కనే వేశాడు.

"ఏటి నూకరాజూ, ఇప్పుడేటిది?" అని కార్యదర్శి గొంతు తగ్గించి అరిచాడు.

"బేరింగు ఏడుస్తంది బాబూ. మీకినపళ్ళేదా?"

"ఉపన్యాసం వింటున్నాం కదయ్యా!"

"అదీ ఇన్నాను. దాన్నేటీ సెయ్యలేను. దీన్ని సెయ్యగలను."

ఫ్యాను కిందికి దిగింది. గాలి లేక కాసేపటికి ముఖ్య అతిథి కూడా దిగాడు. చెప్పిన వేళకంటే ముందు ముగిసిన ఉగాది సభ ఆ ఊళ్ళో అదొక్కటే. పులిహోర దగ్గర జనం నూకరాజుకు దారి వదిలి నిలబడ్డారు.

ఆయన ముప్పయ్యొక్క ఏళ్ళు రైల్వేలో వాగన్లు పరీక్షించే ఉద్యోగం చేశాడు. గూడ్సు యార్డులోకి వచ్చి ఆగగానే పక్కనే నడుచుకుంటూ, ప్రతి ఇరుసుపెట్టె మీదా చేతి వెనక భాగం ఆనించి, లోపల బేరింగు వేడెక్కిందా లేదా చూడడం ఆయన డ్యూటీ. రిటైరయ్యాక మనిషి ఇంటికొచ్చాడు గాని, చెయ్యి ఇంకా యార్డులోనే ఉంది. తిరిగేది ఏది కనిపించినా దాని మీద చెయ్యి ఆనించాల్సిందే. కొత్తల్లుడు చాంపా నుంచి మోటారుసైకిలు మీద మొదటిసారి వచ్చినప్పుడు, నమస్కారం పెట్టబోతున్న అతన్ని దాటుకుని వెళ్ళి, వంగి చక్రాలు తడిమి చూశాడు.

"అల్లుడెలాగున్నాడు?" అని లోపల్నుంచి భార్య అప్పయమ్మ కేకేసింది.

"ముందుది సల్లగానే ఉన్నాది. ఎనకది ఏడెక్కింది."

రెండు రోజులుందామని వచ్చిన అల్లుడు, బేరింగు దొరికేదాకా ఆరు రోజులున్నాడు.

అప్పయమ్మ కష్టాలు వేరు. ఇంట్లో పిండి రుబ్బే గ్రైండరు లోపల ఎవరో పళ్ళు కొరుకుతున్నారని ఆయనకు అనుమానం వచ్చి విప్పితే, రెండు వారాలు ఆమె రోటి ముందు కూర్చుంది. "టిక్కెట్టు అంటించని కవరు పుచ్చుకున్నట్టు మా నాయన ఈ సమ్మంధం పుచ్చుకున్నాడు. బేరింగు కవరు. పంపినోడికేటి, డబ్బులు కట్టి అందుకున్నోళ్ళకి గదా తెలిసీది" అంటుంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులున్నాయి. కూర్చుని లేస్తే కిర్రుమంటాయి. ఆ సంగతి మొగుడి చెవిన మాత్రం పడనివ్వదు. "ఆ మనిషిని నమ్మలేం, విప్పీగలడు."

ఈ నూకరాజు చేతిలో భానుప్రియ పడింది. అది రెండువేల ఎనిమిది జూన్, స్కూళ్ళు తెరవడానికి నాలుగు రోజుల ముందు.

భానుప్రియ పుట్టిందీ పెరిగిందీ పెళ్ళాడిందీ అన్నీ రైల్వే క్వార్టర్లలోనే. గోల్ బజార్‌లో పన్నెండేళ్ళు ఎస్టీడీ బూతు నడిపింది. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక ఆ అద్దాల గదిలో ఈగలు తప్ప ఎవరూ మాట్లాడుకోవడం మానేశారు. బూతు మూసేసిన రోజున, రైల్వేలో గార్డుగా ఉన్న ఆమె భర్త గిరిబాబు "ఇంక హాయిగా కూర్చో" అన్నాడు. ఆమె కూర్చుంది, వేలంలో వచ్చిన పాత జీపు స్టీరింగు ముందు. నెల తిరక్కుండా డ్రైవింగు నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకుని, లింగియాడీహ్‌లో ఇల్లిల్లూ తిరిగి పదకొండు మంది పిల్లల్ని కూడగట్టింది. లాల్‌ఖదాన్ రైల్వే గేటు అవతలి స్కూలుకు వాళ్ళను తీసుకెళ్ళి తీసుకురావాలి. స్కూలు మేనేజరు ఒక్కడు ఒప్పుకోవాలి. జీపు తెచ్చి చూపించమని ఆయన గురువారం రమ్మన్నాడు.

గురువారం పొద్దున్న జీపు రెండో గేరులో గర్‌ర్ మని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది. అదృష్టమో దురదృష్టమో, ఆగింది లాల్‌ఖదాన్‌లో పట్టాల పక్కన నూకరాజు వేసుకున్న రేకుల షెడ్డు ఎదుట, అచ్చం అలాంటిదే ఆయన సొంత జీపు పక్కన. జీపును ఆయనకు వదిలేసి, ఆమె ఆటో ఎక్కి స్కూలుకు పోయి, మేనేజరు ముందు నిలబడి షెడ్డుకు ఫోను చేసింది.

"ఏటయ్యింది బాబాయ్?"

"గంటే!" అన్నాడు నూకరాజు.

భానుప్రియ ప్రాణం లేచొచ్చింది. నవ్వుతూ మేనేజరు వైపు తిరిగి "బస్ ఏక్ ఘంటా, సర్" అంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ నడుమ గంట ఆకారంలో ఒక పోత ఇనప డొప్ప ఉంటుంది. రెంటినీ కలిపి పట్టుకునేది అదే. మిస్త్రీలందరూ దాన్ని బెల్ హౌసింగ్ అంటారు. ఒక్క నూకరాజు మాత్రం గంట అంటాడు. జీపులో పగిలింది ఆ గంట.

మేనేజరు గంటసేపు చూశాడు. ఇంకో గంట చూశాడు. మూడో గంటకు ముక్తసరిగా తేల్చేశాడు. సోమవారం పొద్దున్న ఏడున్నరకు జీపు గేటు ముందు ఉండాలి. లేకపోతే రూటు ఇంకొకరికి. "వ్యాన్‌వాలా సుబహ్ సే దో బార్ ఆ చుకా హై, మేడమ్." పొద్దుట్నుంచి వ్యాను అతను రెండుసార్లు వచ్చి వెళ్ళాడట.

ఆమె షెడ్డులోకి వచ్చిన తీరు చూసి, అక్కడ అరుగు మీద పడుకున్న కుక్క లేచి పక్కకు తప్పుకుంది.

"గంటన్నారు గదా బాబాయ్!"

"గంటే గదే. ఇదిగో." రెండు ముక్కలు ఎత్తి చూపించాడు.

"నేను గంటసేపనుకున్నాను!"

"గంటసేపట్లో గంటెలా మారుద్దే? నీకేటైనా మతుందా?"

"మేనేజరుకి మాటిచ్చీసేను. సోమవారం ఏడున్నరకి బండి లేకపోతే ఆ పదకొండు మందీ పోతారు. నాకు మళ్ళీ ఇంకో బూతు లేదు."

నూకరాజు ముక్కలు కింద పెట్టి, పగిలిన అంచు మీద చేతి వెనక భాగం ఆనించాడు. అది చల్లబడి నాలుగు గంటలైందని ఆయనకూ తెలుసు. "నువ్వు గంట తే. మిగతాది నాను సూసుకుంటాను" అన్నాడు.

జూన్ ఎండలో పాత ఇనప సామాన్ల కొట్లన్నీ తిరిగి, శుక్రవారం మధ్యాహ్నానికి ఆమె గంట సంపాదించింది. ఆటోలో పురిటి బిడ్డను తెచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. చీరకంటిన గ్రీజు మరి వదల్లేదు. నూకరాజు దాన్ని ఇంజనుకు బిగించి, రైల్వే రోజులనాటి డయల్ గేజి ఒకటి డబ్బాలోంచి తీసి, ఆ గంట నడిమి బెజ్జం సరిగ్గా మధ్యలో ఉందో లేదో కొలవడం మొదలుపెట్టాడు. గేర్‌బాక్సు మూతి కూర్చునేది ఆ బెజ్జంలోనే. అది పక్కకు జరిగి ఉంటే గేర్‌బాక్సు ముందు షాఫ్టు వంకరగా తిరిగి, దాన్ని మోసే బేరింగును అరగదీస్తుంది.

"ఎంత తేడా ఉంది?"

"ఎంట్రుకవాసి."

"అచ్ఛా, అంతేనా?"

"రెండెంట్రుకలు" అని సవరించాడు. బట్టతల నిమురుకుంటూ ఇంకోసారి చూశాడు. "మూడు."

ఆయన నెత్తి మీద ఉన్నవి అంతకంటే ఎక్కువుండవు గనక, అది చాలా పెద్ద తేడా అని ఆమెకు అర్థమైంది. ఆ మూడు వెంట్రుకలూ సర్దడానికి పొద్దు వాలింది. ఆఖరికి గేజి ముల్లు కదలకుండా నిలబడింది.

"ఇంక గేర్‌బాక్సు బిగించీండి బాబాయ్."

"బేరింగేదీ?"

"అదుగో, పళ్ళెంలో ఉంది గదా. నిన్నటిదాకా బాగానే తిరిగింది."

నూకరాజు పానా కింద పెట్టాడు. కిరసనాయిలుతో చేతులు కడుక్కుని, గుడ్డతో తుడుచుకుని, బల్ల మీద కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే ఇక ఇటుది అటు జరగదని లాల్‌ఖదాన్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఇను. మా నాయన గేంగుమేను. ఆ గుడిసి గుమ్మం పొట్టిది, ముప్పయ్యేళ్ళు ఒంగి దూరేడు. నాకు కోటరొచ్చింది. గుమ్మం ఆరడుగులు. అయినా ఒంగే దూరీవోడు. తిన్నగా నడు నాయనా అంటే, తలకి తగుల్తాదిరా అనీవోడు. ఏటి తగుల్తాది, గాలా? ఈ బేరింగులో ఇనప గుళ్ళు కూడా అంతే. పాత గంట ఒంకర. ఆ ఒంకరకి అరిగి అరిగి అలవాటు పడిపోనాయి. కొత్త గంటలోన తిన్నటి దారుందంటే నమ్మవు. ఒంగే తిరుగుతాయి. తిరిగి తిరిగి కొత్తదాన్ని కూడా పాడు సేసీస్తాయి. గంట మారితే బేరింగు మారాల. బస్."

"ఒక్కవారం! కొత్తది దొరకగానే వేసీండి."

"విప్పింది ఇప్పుడు. ఇప్పుడే ఎయ్యాల."

శనివారం ఆమె గోల్ బజార్‌లో బేరింగుల కొట్టుకు పోయింది. ఆ నంబరు నాగపూర్ నుంచి రావాలన్నాడు, బుధవారం అన్నాడు. భాషాసేవకైనా బేరింగుకైనా ఈ ఊరికి నాగపూరే దిక్కు. ఇంకో రెండు కొట్లు తిరిగింది. అక్కడా అదే మాట. ఇంటికొచ్చి, డ్యూటీ దిగి అప్పుడే అన్నం తిన్న గిరిబాబును నూకరాజు మీదికి రాయబారం పంపింది. అతను జెండా ఊపితే యాభై ఎనిమిది వాగన్లు కదులుతాయి. నూకరాజును కదిలించలేడా అని ఆమె ఆశ.

మోటారుసైకిలు మీద వెళ్ళిన మనిషి రెండు గంటల తరవాత నడుచుకుంటూ వచ్చాడు.

"ఏటన్నారు? ఒప్పుకున్నారా?"

"మార్చడానికి ఒప్పుకున్నాం."

"అచ్ఛా! జీపుదా?"

"నా బండి ముందు చక్రంది."

"మిమ్మల్నేటి చెయ్యమని పంపించేనండీ?"

"మాట్లాడమన్నావు. మాట్లాడుతూనే ఉన్నాను. ఆయన వింటూనే విప్పీసేరు." గిరిబాబు మంచినీళ్ళు తాగి, కాస్త ఆలోచించి అన్నాడు, "కానీ భానూ, ఆ బేరింగు నిజంగానే పోయింది. చెవి దగ్గర పెట్టి తిప్పేరు. నాకూ ఏదో వినిపించింది."

"మీకు వినిపించింది మీ మోటారుసైకిలు ఏడుపు."

ఆదివారం పొద్దున్న ఏడు గంటలకు ఆమె చీర కుచ్చెళ్ళు దోపుకుని షెడ్డులో దిగింది. నూకరాజు టీ తాగుతున్నాడు. ఆమె తిన్నగా పళ్ళెం దగ్గరకు పోయి పాత బేరింగు తీసింది. గోడకున్న పానాల్లోంచి రెండు ఎంచుకుంది. గేర్‌బాక్సు ముందు పీట వేసుకు కూర్చుంది.

"మీరు మూయరు గదా. నేను మూసీస్తాను."

"ఓలమ్మో" అంది అప్పయమ్మ పక్కనే ఉన్న ఇంటి గుమ్మంలోంచి, చాలా ఆనందంగా. "మూసీయే! నలభయ్యేళ్ళుగా ఒక్కళ్ళయినా మూస్తారేటో అని సూస్తన్నాను."

నూకరాజు కోప్పడతాడనుకుంటే కోప్పడలేదు. పానాలు లాక్కుంటాడనుకుంటే అదీ లేదు. టీ గ్లాసు పక్కన పెట్టి, తనూ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ముయ్యి. నానాపను. మూసే ముందు ఒక్కసారి కళ్ళు మూసుకో. మూసుకున్నావా? ఎడం సేత్తో లోపలి సుట్టు పట్టుకో. కుడి సేత్తో పై సుట్టు తిప్పు. మెల్లగా. నూతిలోంచి సేద పైకి లాగినట్టు."

భానుప్రియ తిప్పింది. నున్నగా తిరిగింది. ఆమె నవ్వబోయింది. అప్పుడు వేళ్ళకింద ఎక్కడో, అన్నంలో రాయి పంటికి తగిలినట్టు, టిక్ మంది. మళ్ళీ తిప్పింది. సరిగ్గా అక్కడే మళ్ళీ టిక్. వెనక్కి తిప్పి చూసింది. వెనక్కి తిప్పినా ఉంది.

"ఇనపడిందా?"

"వినపడ్డం కాదు" అంది ఆమె కళ్ళు తెరవకుండానే. "తగుల్తంది."

"అదీ! నీ ఎనక పదకొండు మంది కూకుంటారు. గేటు దాటీటప్పుడు పట్టాల మీద ఇది బిగిసిపోనాదనుకో. ఇంజను తిరుగుతాది, సక్రం తిరగదు. గూడ్సొస్తన్నాది. అప్పుడేటి సేస్తావు?"

నాలుగు రోజులుగా ఆయన మూర్ఖత్వంతో పోరాడుతున్నాననుకుంది. ఇప్పుడు తన వేళ్ళే ఆయన పక్షం చేరిపోయాయి. మనిషితో వాదించవచ్చు, వేళ్ళతో ఏం వాదిస్తాం? బేరింగు పళ్ళెంలో పెట్టేసి, పానాలు ఎక్కడివక్కడ తగిలించి లేచింది.

"అయితే సోమవారానికి అవ్వదు" అంది.

"బేరింగు బుధవారం గదా."

"ఠీక్ హై. మూడు ఆటోలు మాట్లాడతాను. జీపు కాకపోతే ఆటో. పిల్లలు మాత్రం ఏడున్నరకి గేటు ముందుంటారు."

"మేనేజరు జీపే ఉండాలన్నాడు గదే."

"మేనేజరుకి నేను చెప్పుకుంటాను!" అని, ఏడుపు రాకుండా ఉండడానికి గట్టిగా అరిచి, ఆమె లింగియాడీహ్ దారి పట్టింది. ఆదివారం నాడు ఆటోవాళ్ళకు కూడా ఆదివారమే. ముగ్గుర్ని పట్టుకునేసరికి మధ్యాహ్నం దాటింది. ముగ్గురిలో ఇద్దరు రేపు కచ్చితంగా వస్తామని, ఏ మాత్రం కచ్చితం కాని గొంతుతో చెప్పారు.

అయిదు గంటలకు అప్పయమ్మ ఫోను చేసింది. "నీ జీపు పట్టుకుపోవే. సెడ్డుకి అడ్డంగా ఉన్నాది."

భానుప్రియ పరుగెత్తుకు పోయింది. జీపు మూసి ఉంది. స్టార్టు చేసింది. పాలు కాగుతున్నంత చప్పుడు. గేరు వేసింది. వెన్నలోకి గరిటె దిగినట్టు దిగింది. నూకరాజు షెడ్డు మూల సబ్బుతో చేతులు రుద్దుకుంటున్నాడు, ఎప్పుడూ కిరసనాయిలుతో సరిపెట్టే మనిషి.

"బేరింగు ఎక్కడ దొరికింది బాబాయ్?"

"దొరికింది."

"ఎవరిచ్చారు?"

"నీకెందుకే? నడుపు."

"మరి పాతదేదీ?" మామూలుగా ఆయన తీసేసిన బేరింగును పేపర్లో పొట్లం కట్టి యజమాని చేతిలో పెడతాడు, కాశీలో కలపమన్నట్టు.

"పారీసేను" అన్నాడు నూకరాజు. ఆమెకు ఎక్కడో టిక్ మంది. కానీ పదకొండు ఇళ్ళకు కబురు చెప్పాలి, ఆటోవాళ్ళను వద్దనాలి, చీరకు ఇస్త్రీ చెయ్యాలి. ఆలోచించడానికి తీరిక లేకపోయింది.

సోమవారం ఏడింటికి పదకొండు మందీ జీపులో ఉన్నారు. కొత్త బూట్ల వాసన, కొబ్బరినూనె వాసన, ఒక వాంతి బెదిరింపు. జీపు కూనిరాగం తీస్తూ లాల్‌ఖదాన్ చేరేసరికి రైల్వే గేటు పడింది. ఏడూ పది. బొగ్గు గూడ్సు ఒకటి తాపీగా దాటింది. గేటు లేవలేదు. అటువైపు నుంచి ఇంకోటి రావాలట. అందరూ ఇంజన్లు ఆపేశారు. భానుప్రియ కూడా ఆపేసి, గడియారం చూసి, అద్దంలో వెనక్కి చూసింది. వెనక మూడో బండి నూకరాజు జీపు.

ఆమె దిగి వెళ్ళింది. "ఏటి బాబాయ్, పొద్దున్నే ఇటెక్కడికి?"

"కూరగాయలకి."

"కూరగాయల బజారు అటు గదా?"

"ఇటు లేత బెండకాయలు దొరుకుతాయన్నారు." ఆయన మొహాన చెమట కారుతోంది. రెండు చేతులతో స్టీరింగు బిగించి పట్టుకుని, సీటుకు అతుక్కుపోయినట్టు కూర్చున్నాడు. ఎడమ మోకాలు మాత్రం సన్నగా వణుకుతోంది.

"ఇంజను ఆపండి, గేటు ఇప్పుడప్పుడే లేవదు."

"సెల్పు పనిసెయ్యదు. ఆపితే తొయ్యాల. పొద్దున్న మీ పిన్ని తోసింది. ఇక్కడెవరు తోస్తారు?"

"రెండోది ఎంతసేపట్లో వస్తుంది బాబాయ్? ఏడూ పదిహేనైంది."

"ఔటర్ సిగ్నలు కాడ ఉన్నాది. అయిదు నిమిషాలు. నువ్వు ఎల్లే, పిల్లలొక్కళ్ళూ ఉన్నారు. ఎల్లు!"

మోకాలు ఇప్పుడు సన్నగా కాదు, బాగానే వణుకుతోంది. భానుప్రియ వంగి చూసింది. ఆయన ఎడమ కాలు క్లచ్ మీద ఉంది, నేలకంటా తొక్కి పట్టి. గేరులో లేని బండికి క్లచ్ ఎందుకు తొక్కుతారు? క్లచ్ తొక్కితే ముందు షాఫ్టు తిరగదు, దాని బేరింగు నోరు మూసుకుంటుంది. కాలు తీస్తే ఏడుపు మొదలెడుతుంది. ఈ పాఠం నాలుగు రోజులుగా ఆయనే ఆమె చెవిలో నూరిపోశాడు.

"బాబాయ్, కాలు తియ్యండి."

"ఎందుకే?"

"తియ్యండి."

"నా కాలు, నా బండి..." అంటూండగానే అరవయ్యేళ్ళు దాటిన ఆ కాలు ఇక తనవల్ల కాదనేసింది. క్లచ్ పైకి లేచింది. జీపు కడుపులోంచి సన్నగా, సాగదీసి, పళ్ళు కొరుకుతున్నట్టు మూలుగు బయటికొచ్చింది. అది ఎవరి గొంతో ఆమె వేళ్ళు వెంటనే గుర్తుపట్టాయి.

"అది నా బేరింగు!"

నూకరాజు గేటు వంక చూస్తున్నాడు.

"మీ బండిలోని కొత్తది నాకు వేసీసి, నాది మీరు వేసుకున్నారా? రెండు గేర్‌బాక్సులు ఒక్క పగట్లో దించేరా? మూసీసేరా, దాంతోనే?"

"అరవకే, అందరూ సూస్తన్నారు."

"విప్పింది కొత్తది వెయ్యకుండా మూయనన్నారు గదా!"

"ఒక్క మూడ్రోజులకేటవుద్ది?" అన్నాడు నూకరాజు. ఆ మాట జీవితంలో మొదటిసారి అంటున్నాడు గనక సరిగ్గా అనడం రాలేదు, నంగిగా వచ్చింది. "బుధవారం కొత్తదొస్తాది గదా. ఈలోగా మెల్లగా నడుపుతాను."

"అయితే ఇంట్లో కూర్చోవలసింది! ఇది వేసుకుని రోడ్డెక్కడమెందుకు?"

స్టీరింగు మీద లేని దుమ్ము తుడిచాడు. "మొదటి రోజు గదా. నానే బిగించేను, నానే ఎనకాల రాకపోతే ఎలాగ? మద్దిలోన ఆగిందనుకో, తోసీవోడుండాల గదా?"

భానుప్రియకు కోపమొచ్చింది. ఇంకోటేదో కూడా వచ్చింది గాని, దానికిప్పుడు వేళ లేదు. రెండో గూడ్సు హారను కొట్టింది. ఆమె చెయ్యి లోపలికి పెట్టి, తాళం తిప్పి, ఇంజను ఆపేసి, తాళంచెవి తీసి కొంగున కట్టుకుంది.

"ఏటే! ఏటి సేస్తన్నావు?"

"వెనకాల వాళ్ళు సాయం పడతారు, గేటుమేను గది పక్కకి తోయించండి. బుధవారం దాకా ఇది కదలదు. బుధవారం మనిద్దరం కలిసి విప్పుదాం."

"మరి అందాకా నానెలా తిరగాల?"

"నా బండిలో."

"కూకోడానికి సోటేదీ?"

"వెనక బెంచీలో కొంచెం ఉంది. రండి, లేటయిపోతంది!"

గూడ్సు దాటింది. గేటు లేచింది. నూకరాజు ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఇద్దరు ఒకటో తరగతి పిల్లల నడుమ ఇరుక్కున్నాడు. ఒకడు తన స్కూలు సంచీ తీసి ఆయన ఒళ్ళో పెట్టాడు. రెండోవాడు నీళ్ళ సీసా కూడా ఇచ్చాడు. జీపు పట్టాల మీద ఎక్కి దిగింది, చిన్న కుదుపు తప్ప మరో మాట లేకుండా.

ఏడూ ఇరవై ఎనిమిదికి స్కూలు గేటు ముందు మేనేజరు చేతిలో రూటు కాగితంతో నిలబడి ఉన్నాడు. పక్కనే వ్యాను, దానికానుకుని వ్యానువాలా. భానుప్రియ జీపు ఆపి దిగింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు, జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు, వెనక తలుపు తెరిచి వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదకొండు దాటాక ఆయన వేలు గాలిలో ఆగిపోయింది. ఒళ్ళో బొమ్మల సంచీ, చేతిలో నీళ్ళ సీసా, తలమీద మూడు వెంట్రుకలు.

"మేడమ్, గ్యారహ్ బోలా థా. యే బారహ్వాఁ కౌన్?" అన్నాడు. పదకొండన్నారు, ఈ పన్నెండో ఆయన ఎవరు?

భానుప్రియ ఆయన చేతిలోంచి కాగితం తీసుకుని, పెన్ను కోసం చెయ్యి చాచింది.

"న్యూ అడ్మిషన్ హై, సర్" అంది. "బుధవార్ తక్."